దువ్వెనకు ఇరవై, స్ట్రెయిటనర్‌కు ఐదు వేలు

మన ఇళ్లలో జుట్టు కోసం కొనే వస్తువులను ధరను బట్టి ఒక వరుసలోనూ, వాడకాన్ని బట్టి మరో వరుసలోనూ పెట్టి చూస్తే ఆ రెండు వరుసలూ ఒకదానికొకటి తలకిందులుగా కనిపిస్తాయి. పెళ్లికో పేరంటానికో బయటికి తీసే స్ట్రెయిటనర్‌కు నాలుగైదు వేలు పెట్టడానికి మనం వెనకాడం. తలంటుకున్న రోజున మాత్రమే పని పడే డ్రయ్యర్‌కు రెండు వేలు పోస్తాం. పొద్దునా సాయంత్రమూ నెత్తి మీద నడిచే దువ్వెనను మాత్రం గాజుల కొట్టులో ఇరవై రూపాయల చిల్లరకు బదులుగా తెచ్చుకుంటాం. ఇక రబ్బరు బ్యాండ్ల సంగతి చెప్పనక్కర్లేదు, హోటలు పార్సిలుకు చుట్టి వచ్చినవి కూడా జడ కొసకు ఎక్కేస్తాయి. ఈ వరుస తిరగబడాలన్నదే నా వాదన. రోజూ తగిలే వస్తువుల మీద ముందు శ్రద్ధ పెట్టాలి, వేడి యంత్రాల గురించి ఆ తరువాతే ఆలోచించాలి. యంత్రం కొనక తప్పనప్పుడు కూడా డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసినదాన్ని పక్కనపెట్టి, అడుగున చిన్న అక్షరాలతో ఉన్నదాన్ని చదవాలి.

"జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే" అని పెద్దవాళ్లు అంటారు. నిజమే, కానీ పెట్టిన ప్రతి కొప్పూ ఆ జుట్టును ఎంతో కొంత అరగదీస్తుందన్న సంగతి ఆ సామెతలో లేదు. వెంట్రుక చర్మం దాటి బయటికి వచ్చాక దానిలో ప్రాణం ఉండదు, అందువల్ల దెబ్బతిన్న చోట తనంతట తాను బాగుపడే అవకాశమూ ఉండదు. లోపల కెరాటిన్ అనే ప్రొటీను పోగులు, వాటి మీద కుదురు వైపు నుంచి కొస వైపుకు పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి పరుచుకున్న పలుచని పొరలు, ఇదీ దాని నిర్మాణం. ఆ పెంకులు లేచినా విరిగినా జుట్టు గరుకెక్కుతుంది, చిక్కుపడుతుంది, చివరికి కొసలు చీలుతాయి. జుట్టు ఏడాదికి సుమారు 12 నుంచి 15 సెంటీమీటర్లు పెరుగుతుంది కాబట్టి, 75 సెంటీమీటర్ల జడ కొసన ఉన్న వెంట్రుక వయస్సు అయిదారేళ్లు. ఆ అయిదారేళ్లలో దాని మీదుగా దువ్వెన వేల సార్లు నడిచి ఉంటుంది, బ్యాండు ప్రతి రోజూ బిగిసి ఉంటుంది. స్ట్రెయిటనర్ ఒక్క వాతతో దువ్వెన ఏడాదిలో చేయలేనంత నష్టం చేయగలదన్న మాట వాస్తవమే. అయితే స్ట్రెయిటనర్ లేకుండా రోజు గడుస్తుంది, దువ్వెన లేకుండా గడవదు.

అందువల్ల దువ్వెనతోనే మొదలుపెడతాను. చవక ప్లాస్టిక్ దువ్వెనను అచ్చులో పోస్తారు. అచ్చు రెండు సగాలుగా ఉంటుంది, కరిగిన ప్లాస్టిక్ ఆ రెండు సగాలూ కలిసే సందులోకి కొద్దిగా చొరబడి, చల్లారాక ప్రతి పంటి పొడవునా సన్నని అంచుగా మిగిలిపోతుంది. కంటికి అది దాదాపు కనిపించదు. బొటనవేలి గోరును పంటి పక్కనుంచి పై నుంచి కిందికి నడిపిస్తే మాత్రం కత్తి వెనుకభాగంలాంటి గీత ఒకటి తగులుతుంది. గోరుతో తెలియకపోతే ఇంట్లో పాత పట్టుచీర ముక్క ఒకటి ఉంటుంది కదా, దాని మీద దువ్వెన పళ్లను మెల్లగా లాగి చూడండి. పట్టు పోగు ఎక్కడ పట్టుకుంటే అక్కడ మీ వెంట్రుక మీది పెంకులు కూడా రోజూ పట్టుకుంటున్నట్లే లెక్క. నేను ఏ ఊరి ఫ్యాన్సీ షాపులో దువ్వెన తీసుకున్నా ముందు గోటి పరీక్ష చేస్తాను. షాపువాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

అచ్చు పోయని దువ్వెనలు కూడా ఉన్నాయి. సెల్యులోజ్ అసిటేట్ అనే పదార్థపు పలకను తీసుకుని, రంపంతో పళ్లు కోసి, అంచులను గుండ్రంగా అరగదీసి నునుపు పెట్టేవి ఒక రకం. ఇంగ్లండులో 1777 నుంచీ ఉన్న కెంట్ వంటి సంస్థలకు పేరు తెచ్చినవి ఇవే. ఇక్కడ వాటి ధర చాలామందికి అందదు. కొమ్ము దువ్వెనలదీ అదే పని పద్ధతి, కోయడం, అరగదీయడం, మెరుగుపెట్టడం. ఉత్తరప్రదేశ్‌లోని సంభల్‌లో ఈ పని ఇప్పటికీ సాగుతోంది, శ్రీకాకుళం జిల్లా సరిహద్దుకు ఆనుకునే ఉన్న పర్లాకిమిడి కొమ్ము పనికీ పేరుంది. ఇవన్నీ దొరకని చోట చెక్క దువ్వెన మంచి ఎంపిక. అయితే చెక్కలో కూడా చూడవలసినది ఒకటుంది. పళ్లు చెక్క పోగు వెంబడి, నిలువునా కోసి ఉండాలి. పోగుకు అడ్డంగా కోసిన దువ్వెన పళ్లు నెల తిరగకుండానే ఊడతాయి, ఊడిన చోట మిగిలిన మొన వెంట్రుకను కోస్తుంది. చెక్క దువ్వెనను నీళ్లలో నానబెట్టకూడదు, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. వేప చెక్క దువ్వెన చుండ్రును పోగొడుతుందని అమ్మేవాళ్లు చెప్పే మాటను మాత్రం నేను నమ్మను. దువ్వెన పంటి నుంచి చర్మానికి చేరే మందు ఏముంటుంది? దాని అసలు సుగుణాలు వేరే ఉన్నాయి: అచ్చు గీత ఉండదు, పళ్లు లావుగా గుండ్రంగా ఉంటాయి, పొడిగాలి రోజుల్లో ప్లాస్టిక్‌లా వెంట్రుకలను చిటపటలాడించి లేపదు.

ఎంత మంచి దువ్వెనైనా వేళకాని వేళ వాడితే పాడే చేస్తుంది. తడిసిన వెంట్రుక ఎక్కువగా సాగుతుంది, తక్కువ బలానికే తెగుతుంది. కాబట్టి సాఫుగానో కొద్దిపాటి అలలతోనో ఉండే జుట్టును కొంత ఆరనిచ్చి, ఎడం పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. బాగా ఉంగరాలు తిరిగిన జుట్టుకు ఇది వర్తించదు, అది ఎండాక దువ్వితేనే తెగుతుంది కాబట్టి కండిషనర్‌తో తడిగా ఉన్నప్పుడే చిక్కు తీయాలి. అంటే ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్లకు ఒకే దువ్వెన, ఒకే అలవాటు సరిపోవాలన్న నియమమేమీ లేదు. కుషన్ బ్రష్షులు కొనేవాళ్లు పళ్ల చివర ఉండే చిన్న గుండ్లను చూడాలి. విడిగా అతికించిన గుండు కొన్నాళ్లకు ఊడిపోతుంది, దాని కింద ఉన్న మొన మాడును గీరుతుంది. పన్నూ గుండూ ఒకే ముక్కగా పోసినవి ఆ బాధ పెట్టవు.

తరువాత బ్యాండ్లు, పిన్నులు. జుట్టు ఊడుతోందని నూనెలు మార్చేవాళ్లు, షాంపూలు మార్చేవాళ్లు, బోరు నీళ్లను తిట్టేవాళ్లు ఎందరో కనిపిస్తారు కానీ, జడ ఎంత బిగుతుగా వేస్తున్నామో చూసుకునేవాళ్లు అరుదు. లాగి కట్టడం వల్ల జుట్టు ఊడే స్థితిని వైద్యులు ట్రాక్షన్ అలోపీసియా అంటారు. 1907లో గ్రీన్లాండు స్త్రీలలో, వారు జుట్టును బిగించి పైకి కట్టుకునే అలవాటు కారణంగా నుదుటి అంచున జుట్టు పోవడాన్ని గమనించి మొదటిసారి దీన్ని వర్ణించారు. మన దగ్గర దీన్ని చూడడానికి గ్రీన్లాండు దాకా పోనక్కర్లేదు, బడి విడిచే వేళకు ఏ గర్ల్స్ హైస్కూలు గేటు దగ్గర నిలబడినా కణతల దగ్గర పలచబడిన జుట్టు కనిపిస్తుంది. చెదరకూడదన్న నియమం కోసం పొద్దున్నే నూనె రాసి, పాపిడి తీసి, కళ్లు పైకి సాగేంత బిగుతుగా రెండు జడలు అల్లి, మడిచి కడతారు. సాయంత్రం జడ విప్పగానే అమ్మాయి "అబ్బ, హాయిగా ఉంది" అని మాడు రుద్దుకుంటే, ఆ జడ రోజంతా కుదుళ్లను లాగిందన్నమాట. మొదట్లో గమనించి వదులు చేస్తే పోయిన జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి సాగితే కుదురే మూసుకుపోతుంది, అప్పుడు ఏ నూనే పనిచేయదు.

జడ బిగించి అల్లాల్సి రావడానికి సగం కారణం కొసన కట్టే వస్తువే. ఉత్త రబ్బరు బ్యాండు వెంట్రుకను పట్టుకుని వదలదు, తీసేటప్పుడు తనతో పాటు నాలుగు వెంట్రుకలను తీసుకొస్తుంది. దారం చుట్టిన ఎలాస్టిక్ బ్యాండు మేలు, అయితే రెండు కొసలను కలిపే చోట లోహపు బిగింపు ఉంటే దానిలో వెంట్రుకలు ఇరుక్కుంటాయి కాబట్టి అతుకు లేనిదే తీసుకోవాలి. వదులైన గుడ్డ గొట్టంలో ఎలాస్టిక్ దూర్చిన స్క్రంచీకి అమెరికాలో రొమీ రెవ్‌సన్ అనే ఆమె 1987లో పేటెంటు పొందారు. బలాన్ని ఒకే గీత మీద కాక వెడల్పాటి గుడ్డ మీద పంచడమే దాని గొప్పతనం. ఈ సూత్రాన్ని మన రిబ్బను ఎప్పటి నుంచో పాటిస్తోందని నా అభిప్రాయం. జడ చివరి మూడో వంతు నుంచి రిబ్బనును ఒక పాయతో పాటు కలిపి అల్లి, కొసన ముడివేస్తే, జారకుండా ఆపే పని ఆ అల్లిక పొడవునా పంచబడుతుంది. అడుగున రబ్బరు బ్యాండు అవసరమే ఉండదు. ఈ రోజుల్లో ముందు రబ్బరు బ్యాండు బిగించి, దాని మీద అలంకారం కోసం రిబ్బను కడుతున్నారు. ఆ పద్ధతిలో రెండింటి చెడూ మిగులుతుంది, మంచి ఒక్కదానిదీ దక్కదు. మరీ నున్నటి నైలాన్ రిబ్బను జారుతుంది, కొంచెం గరుకుగా నేసినది తీసుకుంటే చాలు.

చెంపపిన్నుల విషయంలో చెప్పాల్సింది రెండే మాటలు. వంకరలు తిరిగిన కాలు తల వైపుకు, సాఫుగా ఉన్న కాలు పైకి ఉండేలా పెడితే అదే పిన్ను రెట్టింపు గట్టిగా నిలుస్తుంది, అప్పుడు నాలుగు పిన్నుల చోట రెండు చాలు. మొనల మీది బొట్టు ఊడిన పిన్నును ఎంత కొత్తదైనా పారేయాలి. ఇక ఇప్పుడు అందరూ వాడుతున్న క్లచ్చర్, నా లెక్కలో రోజువారీ వస్తువులన్నింటిలోకీ ఉత్తమమైనది, ఎందుకంటే అది జుట్టును ఒక చోట నొక్కదు, ముడి మొత్తాన్ని పళ్ల మీద మోస్తుంది. కొనేటప్పుడు స్ప్రింగును పది పన్నెండు సార్లు నొక్కి చూడాలి, రెండు వైపుల పళ్లూ ఒకదాని సందులో ఒకటి సరిగ్గా దిగుతున్నాయో లేదో గమనించాలి, దువ్వెనకు చేసినట్లే గోటి పరీక్ష చేయాలి, ఎందుకంటే ఇదీ అచ్చులో పోసినదే.

సవరం సంగతి ఎత్తకుండా తెలుగువాళ్ల జడ గురించి రాయడం కుదరదు. తిరుమలలో తలనీలాలుగా సమర్పించిన జుట్టును దేవస్థానం వేలం వేస్తుందన్నది అందరికీ తెలిసినదే. గుండు గీసినప్పుడు జుట్టు కట్టలుగా, కుదురు ఒక వైపు, కొస ఒక వైపు ఉండేలా దొరుకుతుంది కాబట్టి దానికి విలువ ఎక్కువ. వీధుల్లోకి వచ్చి చిక్కు వెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు సేకరించే జుట్టు అలాంటిది కాదు. దువ్వెన నుంచి తీసిన ఉండల్లో కుదుళ్లూ కొసలూ కలగలిసి ఉంటాయి, పెంకులు ఎదురెదురు దిక్కులకు తిరిగి ఉంటాయి. దానితో చేసిన సవరం కొన్నప్పుడు మెరుస్తుంది, రెండు తలంట్లు కాగానే ఉండ కడుతుంది. కొట్టులోనే తేడా తెలుసుకోవాలంటే సవరంలోని సన్నని పాయ ఒకటి తీసుకుని వేళ్ల మధ్య పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి జార్చాలి. కిందికి నునుపుగా, పైకి గరుకుగా తగిలితే దిక్కు సరిగ్గా ఉన్న జుట్టు. రెండు వైపులా ఒకేలా తగిలితే పెంకులను రసాయనంతో తీసేసినదో, జుట్టులా కనిపించే సింథటిక్ దారమో అయి ఉంటుంది. దారమేనా అన్న అనుమానం తీరాలంటే ఒక వెంట్రుకను నిప్పుకు చూపించాలి, మనిషి జుట్టు కమురు వాసన వేసి పొడి బూడిదవుతుంది, దారం కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. కరిగే సవరాన్ని అల్లుకుని దాని మీద స్ట్రెయిటనర్ నడిపితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

పెళ్లికూతురి పూలజడకు కూడా ఇదే బరువు లెక్క. తడి పూలు, జడగంటలు, నాగరం, బిళ్లలు అన్నీ కలిసి చాలా బరువు తూగుతాయి. సవరం పై కొసను రెండు చెంపపిన్నులతో తలకు గుచ్చి, ఆ బరువంతా దానికి వేలాడదీస్తే ముహూర్తం వేళకు మెడ వెనుక నొప్పి మొదలవుతుంది. ముందు సొంత జుట్టుతో గట్టి జడ అల్లి, పూలజడను దాని పొడవునా యూ ఆకారపు పిన్నులతో అక్కడక్కడా కుట్టినట్లు పట్టిస్తే బరువు ఆ జడ అంతటా పరుచుకుంటుంది. అనుభవమున్న జడ వేసేవాళ్లు ఇదే చేస్తారు, తొందరలో ఉన్నవాళ్లు చేయరు.

ఇప్పుడు యంత్రాలు. డ్రయ్యర్ జుట్టుకు శత్రువని, సహజంగా ఆరబెట్టుకోవడమే మంచిదని మనలో గట్టి నమ్మకం ఉంది. 2011లో కొరియా పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగం ఈ నమ్మకాన్ని కొంత కదిలించింది. వాళ్లు జుట్టును పదే పదే తడిపి, కొన్నింటిని గాలికే వదిలేసి, కొన్నింటిని వేర్వేరు దూరాల నుంచి డ్రయ్యర్‌తో ఆరబెట్టి చూశారు. 5 సెంటీమీటర్ల దూరంలో జుట్టు దగ్గర వేడి 95 డిగ్రీలు, 15 సెంటీమీటర్ల దూరంలో 47 డిగ్రీలు. దగ్గరగా పెట్టినప్పుడు పై పొరలు బాగా దెబ్బతిన్నాయి. దూరంగా పెట్టి ఆపకుండా కదిలించినప్పుడు పై పొరకు తగిలిన దెబ్బ తక్కువ. పైగా గాలికి ఆరిన జుట్టులో, పొరలను అతికించి ఉంచే లోపలి భాగం దెబ్బతింది. ఎక్కువసేపు తడిగా ఉండడమే అందుకు కారణం కావచ్చని వాళ్లు భావించారు. ఇది ఒక్క ప్రయోగమే, దీని మీద శాసనాలు రాయనక్కర్లేదు. అయినా జానెడు దూరం నుంచి గోరువెచ్చని గాలి అన్నది మనకు కొత్తదేమీ కాదు. బుట్ట కింద నిప్పులు పెట్టి, దాని మీద జుట్టు పరిచి సాంబ్రాణి వేసిన ఇళ్లలో ఉన్నది కూడా అదే. పొగ సంగతి వేరు, పసిపిల్లలకు అది మంచిది కాదు.

కాబట్టి డ్రయ్యర్‌లో చూడవలసినవి వేడి అంచెలు విడిగా, గాలి వేగం విడిగా మార్చుకునే వీలు, చల్లగాలి మీట, వెనుక జాలీ ఊడదీసి శుభ్రం చేసుకునే ఏర్పాటు. ఆ జాలీలో నూగు పేరుకుంటే గాలి లాగలేక లోపలి తీగ మితిమీరి వేడెక్కుతుంది. గాలితో పాటు విద్యుదావేశమున్న కణాలను జుట్టు మీదికి వదులుతుందని చెప్పే అయానిక్ అన్న మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వను. అది పొడిగాలిలో జుట్టు చిటపటలాడకుండా కొంత సాయపడుతుందేమో కానీ, కాకినాడలోనో విశాఖలోనో ఉండేవాళ్లకు ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ బాధే ఉండదు, అక్కడి బాధ అంతా తేమది.

వాట్ల విషయంలో మాత్రం చిన్న అక్షరాలు తప్పకుండా చదవాలి. మన పడకగదుల్లో అద్దం పక్కన ఉండేది సాధారణంగా 6 ఆంపియర్ల సాకెట్టు. 230 వోల్టుల దగ్గర అది మోయగలిగేది 1380 వాట్లు. 2000 వాట్ల డ్రయ్యర్ లాగేది దాదాపు 8.7 ఆంపియర్లు. అంటే దానికి గీజరుకో వాషింగ్ మెషీనుకో పెట్టే 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి. కన్వర్టర్ పిన్నుతోనో, ఎక్స్‌టెన్షన్ బోర్డుతోనో చిన్న సాకెట్టుకు తగిలిస్తే ఆ సాకెట్టు చుట్టూ ప్లాస్టిక్ పసుపుపచ్చగా, తరువాత నల్లగా మారడం చూసే ఉంటారు. ఇల్లు మారినప్పుడల్లా వైరింగ్ మార్చలేని అద్దె ఇళ్లవాళ్లకు 1000, 1200 వాట్ల డ్రయ్యరే సరైనది, ఆరడానికి కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

అమెరికా నుంచి వచ్చే చుట్టాలు తెచ్చే డ్రయ్యర్లది మరో కథ. అక్కడి డబ్బాల మీద ఎక్కువగా 1875 వాట్లని కనిపిస్తుంది, 15 ఆంపియర్లను 125 వోల్టులతో గుణిస్తే వచ్చే సంఖ్య అది. 120 వోల్టులకు తయారైన ఆ యంత్రాన్ని పిన్ను మార్చే అడాప్టరుతో మన 230 వోల్టుల గోడకు తగిలిస్తే, తీగలో పుట్టే వేడి మూడున్నర రెట్లు దాటుతుంది. అడాప్టరు పిన్ను ఆకారాన్ని మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. ఎమ్మెస్‌కు వెళ్లే పిల్లలు ఇక్కడి డ్రయ్యర్‌ను సూట్‌కేసులో సర్దుకుని వెళ్తే దీనికి తిరగేసి జరుగుతుంది, వేడి నాలుగో వంతుకు పడిపోయి నోటితో ఊదినట్లుంటుంది. పిడి మీద 100-240 అని రాసి ఉంటేనే సముద్రం దాటించాలి, స్ట్రెయిటనర్లలో అలాంటివి తరచూ ఉంటాయి, డ్రయ్యర్లలో తక్కువ.

స్ట్రెయిటనర్ విషయంలో అందరూ అడిగే ప్రశ్న ప్లేటు దేనితో చేశారని. సిరామిక్కా, టైటానియమా, టూర్మలైనా? నా ప్రశ్న వేరు, వేడి ఎంతో అంకెల్లో చూపించి, అక్కడే ఆపగలదా? 1872లో ప్యారిస్‌లో మార్సెల్ గ్రాటో కాల్చిన ఇనుప పటకారుతో అలలు తిప్పడాన్ని ఒక కళగా మార్చినప్పుడు వేడి కొలిచే సాధనం లేదు, కాగితం మీద పెట్టి అది కమురుతుందో లేదో చూసుకునేవారు. ఆన్, ఆఫ్ తప్ప మరేమీ లేని చవక స్ట్రెయిటనర్ మనల్ని తిరిగి ఆ కాలానికే తీసుకెళ్తుంది. సన్నని జుట్టుకు 150 డిగ్రీలు, లావు జుట్టుకు 180, 185 డిగ్రీలు సరిపోతాయి. 200 దాటినకొద్దీ కెరాటినే చెడడం ఎక్కువవుతుంది. 230 అన్న అంకెను గొప్పగా అచ్చువేసుకునే డబ్బా నిజానికి మనం వాడకూడని అంచె గురించి చెబుతోంది. సిరామిక్ అన్న మాటలో ఒక మెలిక కూడా ఉంది. చాలా యంత్రాల్లో వేడి పుట్టించే పీటీసీ అనే లోపలి ముక్క సిరామిక్కే. ప్లేటు మాత్రం పైన పూత పూసిన అల్యూమినియం కావచ్చు, ఆ పూత గీకుకుపోయిన చోట జుట్టు పట్టుకుంటుంది.

కొట్టులో యంత్రం చల్లగా ఉన్నప్పుడే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. బిల్లు కాగితం చించి సన్నని పట్టీని ప్లేట్ల మధ్య పెట్టి మూసి, మెల్లగా లాగాలి. మొదట్లో, మధ్యలో, చివర్లో పట్టు ఒకేలా ఉండాలి. చివర్లో గట్టిగా, మధ్యలో వదులుగా ఉంటే ప్లేట్ల మధ్యభాగంలో పడిన జుట్టు వేడెక్కదు, అక్కడ సాఫు కాలేదని అదే పాయ మీద మళ్లీ మళ్లీ నడుపుతాం, ప్లేట్ల చివర్ల దగ్గర పడిన జుట్టు మాడుతుంది. రెండు ప్లేట్లనూ మూసి ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుంటే వెలుతురు ఎక్కడ దూరుతోందో కంటికే కనిపిస్తుంది. తడి జుట్టు మీద దీన్ని వాడకూడదన్నది అందరూ చెప్పేదే, కారణం చెబితే ఇంకా గట్టిగా గుర్తుంటుంది. వెంట్రుక లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై బుడగలుగా ఉబ్బుతుంది, ఉబ్బిన చోట వెంట్రుక పుల్లలా విరుగుతుంది. చర్మవైద్యులు దీన్ని బబుల్ హెయిర్ అంటారు. స్ట్రెయిటనర్ నడిపినప్పుడు చుయ్‌మన్న శబ్దం వస్తే వెంటనే ఆపాలి.

ఇంతా చేసి, ఆ సాఫుదనం ఎంతసేపు నిలుస్తుంది? వెంట్రుక ఆకారాన్ని పట్టి ఉంచే బంధాల్లో గంధకపు బంధాలు గట్టివి, వేడికి అవి అంత తేలిగ్గా లొంగవు. స్ట్రెయిటనర్ మార్చేది తేలికైన హైడ్రోజన్ బంధాలను, వాటిని విడదీయడానికి నీరు చాలు, గాలిలోని తేమ కూడా చాలు. హైదరాబాదులో జనవరి పూట సాఫు చేసిన జుట్టు మరుసటి రోజు దాకా నిలుస్తుంది. అదే యంత్రంతో, అదే చేతితో ఆగస్టులో మచిలీపట్నం పెళ్లికి సాఫు చేసుకుంటే భోజనాల వేళకే ఉంగరాలు తిరిగి వస్తాయి. యంత్రం పాడైందనుకుని ఇంకా ఎక్కువ డిగ్రీలకు పోవడం ఇక్కడే మొదలవుతుంది. కోస్తాలో ఉండేవాళ్లు స్ట్రెయిటనర్‌కు పెట్టే డబ్బులో సగం మంచి పిన్నుల మీదా, ముడి వేయడం నేర్చుకోవడం మీదా పెడితే ఎక్కువ గిట్టుబాటవుతుందని నా లెక్క. గాలిని గుండ్రని గొట్టం చుట్టూ తిప్పి జుట్టును దానంతట అదే చుట్టుకునేలా చేసే డైసన్ ఎయిర్‌ర్యాప్ 2018లో వచ్చింది. ప్లేట్ల మధ్య నొక్కకుండా తక్కువ వేడితో పని చేయడం దానిలోని మంచి, తేమ ముందు మాత్రం అదీ అంతే, దాని ధరకు మన దగ్గర ఒక మంచి ఫ్రిజ్ వస్తుంది.

ఆ హైడ్రోజన్ బంధాలను విడదీసి తిరిగి కట్టే పనికి నిజానికి కరెంటు అవసరం లేదు. తడి విడదీస్తుంది, ఆరడం తిరిగి కడుతుంది. అలల జుట్టు కావాలనుకున్న రాత్రి తలంటుకుని, ముప్పాతిక వంతు ఆరాక వదులుగా రెండు జడలు అల్లి, కొసలకు రిబ్బను ముడివేసి పడుకుంటే తెల్లారేసరికి అలలు తిరిగి ఉంటాయి, పెద్ద అలలు కావాలంటే ఒకే జడ, చిన్నవి కావాలంటే నాలుగు. పూర్తి తడిగా అల్లితే మాత్రం లోపలి పాయలు పొద్దుటికీ ఆరవు, పైగా ముక్క వాసన వస్తుంది. విప్పాక దువ్వెన పెట్టకుండా వేళ్లతోనే పాయలు విడదీయాలి.